రెండుసార్లు చదివిన కబురు

పంపు ఆగింది. అలారం మోగలేదు.

రోగి నరంలోకి మందు చుక్కచుక్కగా పంపే యంత్రం అది. దాని నాలుగు గొట్టాల్లో ఏది మూసుకుపోయినా గోల చెయ్యాలి. పరీక్ష బల్ల మీద గొట్టాన్ని క్లిప్పుతో నొక్కిపెట్టినా కిక్కురుమనలేదు.

“బోర్డులోనే ఉంది తేడా. సెన్సర్ మార్చండి,” అన్నాడు మేనేజరు.

“నా బోర్డుకి ఏ రోగమూ లేదు సార్. నిన్నటిదాకా గుండెలదిరేలా మోగింది,” అంది బోర్డు తయారుచేసినామె. ఆఫీసంతా ఆమెని అక్క అనే పిలుస్తుంది. అయినా స్క్రూడ్రైవర్ అందుకుంది.

బల్ల చివర కూర్చున్నవాడు తను రాసిన కోడ్‌ని మళ్లీ తెరిచి చూశాడు. నిన్న మారింది బోర్డు కాదు, సెన్సర్ చెప్పేది చదివే డ్రైవర్ కోడ్. పక్కనే కూర్చున్న అతని బావమరిది నాలుగు గొట్టాలకీ ఒకే రకం కోడ్ నాలుగుసార్లు రాస్తే, “ఏంట్రా ఈ పాచిపాట?” అని నలుగురిలో నవ్వి, ఇతనే అంతా ఒక్క మాక్రోలోకి కుదించేశాడు. ఆ పేరు ఎక్కడ రాస్తే అక్కడ కోడంతా వచ్చి కూర్చుంటుంది. చప్పట్లు పడ్డాయి. ‘క్లుప్తం గారు’ అని బిరుదు కూడా దక్కింది.

గొట్టం మూసుకుపోయిందన్న కబురుని సెన్సర్ చిప్పు ఒక్కసారే చెబుతుంది; చదవగానే చెరిపేస్తుంది. బావమరిది ఒకసారి చదివి, దాచుకుని, దాచినదాన్నే రికార్డులో రాసి అలారం మోగించేవాడు. మాక్రో పైకి ఒకసారి చదివినట్టే ఉండి, లోపల రెండుసార్లు చదువుతోంది. రికార్డు దగ్గర కబురు ఉంది. అలారం దగ్గరికొచ్చేసరికి ఖాళీ.

అక్క మొదటి స్క్రూ తీసింది. చెప్పెయ్యాలనుకున్నాడు. రెండోది తీసింది. మూత ఊడింది. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతోంది. సెన్సర్ పీకితే తప్పు బోర్డుదని తేలిపోయినట్టే, ఆ మచ్చ ఆమెకి అంటినట్టే.

“ఆగక్కా! తప్పు బోర్డుది కాదు. నా మాక్రోది.”

విషయమంతా విని మేనేజరు నుదురు కొట్టుకున్నాడు. “అంత చిన్న కోడ్‌లో ఇంత పెద్ద గొయ్యా?”

“పోనీలెండి సార్, బావకి ఇప్పుడేగా తట్టింది,” అని బావమరిది వెనకేసుకొచ్చాడు.

అక్క తల తిప్పింది. “ఇప్పుడేనా?”

అవునంటే సరిపోయేది. గదిలో ఎవరికీ తెలిసేది కాదు.

“కాదక్కా. నువ్వు మూత విప్పకముందే.”

బావమరిది చూపు నేలకి వాలింది. అక్క ఐరన్ స్విచ్ ఆపేసింది. “కుర్చీ జరుపుకో. నా కళ్లముందే రాయి.”

అంకెలకి పెట్టిన పేర్ల వరకే మాక్రోలు ఉంచాడు. కబురు చదివే చోట మాత్రం నాలుగు గొట్టాలకీ నాలుగుసార్లు, ఎవరు చూసినా అర్థమయ్యేట్టు విడివిడిగా రాశాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది.

అలారం గది దద్దరిల్లేలా మోగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అక్క మూత బిగించడం మొదలుపెట్టింది. అతను ఒక స్క్రూ తీసి అందించబోయాడు.

“బల్ల మీద పెట్టు,” అంది, తలెత్తకుండా.