వేదిక కింద నుయ్యి

గొడుగు బావ పేరెత్తితే చాలు, వడ్రంగికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అక్క మొగుడు కాబట్టి పైకి అనలేడు. ఎండైనా వానైనా, ఆఖరికి ఇంట్లో కూర్చున్నా, చంకలో గొడుగు లేనిదే ఉండడు ఆ పెద్దమనిషి. వార్డు కౌన్సిలర్ అయ్యాక ఆ గొడుగు మొనతోనే అందరికీ పనులు పురమాయిస్తున్నాడు. యుద్ధం ముగిసింది, మన కుర్రాళ్లు ఇరవై ముగ్గురు తిరిగొస్తున్నారు అని కబురు వచ్చిన రోజున, ఆ మొన వచ్చి వడ్రంగి షెడ్డు ముందున్న ఖాళీ జాగా మీద వాలింది.

"వేదిక ఇక్కడే, బామ్మర్దీ. బస్సు సరిగ్గా ఎదురుగా ఆగుతుంది."

"అక్కడొద్దు బావా. కింద ఏముందో నీకు తెలీదా?"

"ఏముంది? మట్టి. గొంతు తగ్గించు."

మట్టి కింద నుయ్యి ఉంది. నలభై అడుగుల లోతు. తొమ్మిదేళ్ల కిందట ఎవరిదో కుక్క పడి చచ్చిందని, పూడ్చెయ్యమని మునిసిపాలిటీ నోటీసు ఇచ్చింది. పూడ్చే కాంట్రాక్టు బావే తీసుకున్నాడు. ముప్పై లారీల మట్టి రావలసిన చోటికి మూడు లారీలు వచ్చాయి. నూతి మీద దుంగలు అడ్డం వేసి, ప్యాకింగ్ పెట్టెల చెక్క పరిచి, పైన మట్టి కప్పేశారు. ఆ చెక్క కోసింది వడ్రంగే. నుయ్యి పూర్తిగా పూడ్చామన్న కాగితం మీద స్థలం యజమానిగా సంతకం పెట్టిందీ వడ్రంగే. ఐదో తరగతితో బడి మానేసినవాడు, బావ వేలు చూపించిన చోట కూడబలుక్కుని తన పేరు రాశాడు.

అందుకే ఇప్పుడు నోరు మూసుకుని వేదిక కట్టాడు. కట్టడంలో మాత్రం తన జాగ్రత్త తాను పడ్డాడు. ఆరు కాళ్లనూ నూతి గట్టుకు వెలుపలే పాతాడు. మధ్యలో ఊతం లేకుండా బరువంతా రెండు పొడవాటి దూలాల మీదికి ఎత్తాడు. నడిస్తే ఊగుతుంది గానీ విరగదు. మెట్లకు మేకులు కొట్టలేదు. రేపు ఊడదీసి చెక్క మళ్లీ వాడుకోవాలి కదా. రెండు కొయ్య చీలలు దిగేసి బిగించాడు.

సంబరం రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పద్నాలుగు నెలల తరువాత కొడుకు మొహం చూడబోతున్నాడు. భార్య అద్దం ముందునుంచే అంది: "కొడుకొస్తుంటే ఆ మొహమేంటయ్యా, ఎవరో అప్పిచ్చి తిట్టినట్టు?"

"ఒకసారి చూసొస్తా" అని బయటపడ్డాడు.

వేదిక మీద బ్యాండువాళ్లు ఆరుగురు అప్పుడే వాయిస్తున్నారు. వీధంతా జనం. వడ్రంగి, వేదిక చుట్టూ కట్టిన గుడ్డ ఎత్తి కిందికి దూరాడు. చూశాడు.

సరిగ్గా నడిమధ్యలో కొత్త ఊతకర్ర నిలబడి ఉంది. వేదిక ఊగుతోందని బావ పెట్టించి ఉంటాడు. తను అంత కష్టపడి తప్పించిన బరువంతా ఇప్పుడు ఆ ఒక్క కర్ర మీదుగా, కుళ్లిన పెట్టెచెక్క మీదికి దిగుతోంది.

చెవి మీది పెన్సిలు తీసి, కర్ర మట్టిలోకి దిగినచోట గీత గీశాడు. పైన డప్పు మోగుతోంది. మోగినప్పుడల్లా కర్ర మొదట్లో మట్టి సన్నగా, పిండి జల్లించినట్టు, లోపలికి జారుతోంది. ఒక్క పాట అయ్యేసరికి గీత కనబడలేదు. వేలితో తవ్వి చూశాడు. రెండు వేళ్ల లోతున ఉంది.

కర్ర కొట్టేద్దామంటే అది బిగుసుకుపోయింది. బలవంతంగా లాగితే ఆ అదురుకే కింది చెక్క పోవచ్చు.

పాక్కుంటూ బయటికొచ్చి బావ చెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఆ కర్ర ఎవడు పెట్టమన్నాడు? దిగిపోతోంది. ఎవర్నీ ఎక్కనివ్వకు."

"పావుగంటలో బస్సొస్తుంటే ఇప్పుడా నీ పిరికి గోల? పది నిమిషాలు నిలబడతారు, దిగిపోతారు."

"ఇరవై ముగ్గురూ ఒక్కసారి బూటు తాటించి సెల్యూట్ కొడితే? అందులో నీ మేనల్లుడున్నాడు బావా!"

గొడుగు బావ జనం వైపు నవ్వుతూ, పెదవులు కదపకుండా అన్నాడు: "ఆ కాగితం మీద నా సంతకం లేదు. నీదుంది. వాడు బస్సు దిగిన రోజే తండ్రి స్టేషనుకెళ్తే వాడికి బాగుంటుందా?"

అంతలోనే బస్సొచ్చింది.

ఈలలు, కేకలు, పూలు. కుర్రాళ్లు దిగి వరసకట్టారు. మూడోవాడు తన కొడుకే. చెవులు తప్ప మొహంలో ఏమీ మిగల్లేదు. తండ్రి వైపు చూశాడు గానీ, ఆనవాలు పట్టినట్టు లేదు. వరస కదిలింది. ఒకే అడుగు, ఒకే చప్పుడు, మెట్ల వైపు.

వడ్రంగి అరిచాడు. బ్యాండు మోతలో తన గొంతు తనకే వినబడలేదు. షెడ్డులోకి పరుగెత్తి కొయ్యసుత్తి తెచ్చి మెట్ల పక్కన చతికిలబడ్డాడు. మొదటి చీల రెండు దెబ్బలకు ఊడింది. రెండోది రాత్రి మంచుకు ఉబ్బి కదలనంది. బూట్లు పది అడుగుల దూరంలో ఉన్నాయి. ఎనిమిది. గురి తప్పి ఒక దెబ్బ వేలి మీద పడింది. ఐదు. ఆఖరి దెబ్బకు చీల ఎగిరిపోయి, మెట్లు మొత్తం ధన్‌మని నేలకూలాయి.

ఆ చప్పుడుకి ఇరవై ముగ్గురూ ఒక్కసారిగా నేల కరుచుకున్నారు.

కొత్త యూనిఫారాలతో, మెళ్లో పూలతో, బోర్లా. ఎవరో కిసుక్కున నవ్వి టక్కున ఆపేశారు. బ్యాండు ఆగిపోయింది. వడ్రంగి కొడుకు తల మీద రెండు చేతులూ కప్పుకుని, బుగ్గ మట్టికి ఆనించి, తండ్రినే చూస్తున్నాడు.

"ఎక్కడ్నుంచి నాన్నా? ఎక్కడ్నుంచి కొడుతున్నారు?"

"ఎవరూ కొట్టట్లేదురా. చెక్క పడింది. నేనే పడేశా. నువ్వు కదలకు, అక్కడే ఉండు." వడ్రంగి వేదిక వైపు తిరిగాడు. "బ్యాండోళ్లూ, దూకండి! కింద నుయ్యుంది!"

"ఏం నుయ్యయ్యా, తాగావా?" అన్నాడు బూరావాడు.

"దూకు ముందు, తరవాత తిట్టు!"

ఒక్కొక్కరూ దూకారు. డప్పువాడు డప్పు వదల్లేక అందరికన్నా వెనకపడ్డాడు. వాడి కాలు అంచు దాటిందో లేదో, గుడ్డ వెనక ఏదో విరిగింది. ఊతకర్ర నిలువునా మాయమైంది. అప్పుడు, చాలా కిందనుంచి, నీళ్ల చప్పుడు వినబడింది.

వేదిక మధ్యలో వంగింది గానీ ఆరు కాళ్లూ నిలబడ్డాయి.

కొడుకు లేవలేదు. వడ్రంగే వెళ్లి వాడి పక్కన మట్టిలో పడుకుని, చితికిన వేలితో వాడి వీపు మీద చెయ్యి వేశాడు. వాడి గుండె చెక్క మీద సుత్తిలా కొట్టుకుంటోంది. తనదీ అంతే.

విచారణలో గొడుగు బావ, ప్రమాదం తనే పసిగట్టి బామ్మర్ది చేత మెట్లు తీయించానని చెప్పాడు. దండ వేశారు. దొంగ కాగితం మీద సంతకం ఎవరిదని అడిగితే అందరూ ఒకే వైపు చూశారు. జైలు తప్పాలంటే స్థలం మునిసిపాలిటీకి రాసివ్వమన్నారు. రాసిచ్చాడు. ఈసారి ఎవరూ వేలు పెట్టి చూపించనక్కర్లేకపోయింది. ఇప్పుడక్కడ కంచె, నాలుగు పూలమొక్కలు, వీరుల వనం అని బోర్డు. రిబ్బను కత్తిరించినవాడి చంకలో గొడుగుంది. కొడుకు ఆ దారిన నడవడు, చుట్టూ తిరిగి పోతాడు.

వడ్రంగికి పోయింది నూట పదిహేడు గజాలు, పని చేసుకునే రేకుల షెడ్డుతో సహా.