బాపయ్య దగ్గరే ఉండిపోయిన మాట

చీరాలలో బిందుమాధవి వాళ్ళింట్లో ముందు గదిలో మగ్గం, వెనక గదిలో లాప్‌టాప్. ఆఫీసు కాల్‌లో ఆ మగ్గం చప్పుడు విని, "మీదీ మగ్గం ఇల్లేనా అండీ?" అని సంబరంగా అడిగినవాడు వేణుగోపాల్. వాళ్ళది మంగళగిరి. ఇద్దరిదీ ఒకే హైదరాబాదు కంపెనీ, ఇద్దరూ ఇంటినుంచే పని. ఆ ప్రశ్నకే పిల్ల సగం పడిపోయింది. మిగతా సగం పడడానికి ఎంతో కాలం పట్టలేదు లెండి.

వాళ్ళ పనేంటో చెప్పాలి. ఎక్కడో సర్వర్‌లో ఉన్న ఫైలును మన కంప్యూటర్‌లో ఉన్నట్టే తెరిచి ఇచ్చేది నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ క్లయింట్. మామూలుగా సర్వర్ పంపిన సరుకు తిన్నగా రాదు. ముందు ఆపరేటింగ్ సిస్టమ్ తన దగ్గర దించుకుంటుంది, తర్వాత తీరిక చూసుకుని అడిగినవాళ్ళ మెమరీలోకి మళ్ళీ ఎత్తుతుంది. ఆర్‌డీఎమ్ఏ అనే పద్ధతి పెడితే ఈ దింపుడూ ఎత్తుడూ ఉండవు. క్లయింట్ తన మెమరీలో కాస్త చోటు, అంటే బఫర్, చూపించి, దాని తాళంచెవి పంపుతుంది. సర్వర్ నేరుగా అక్కడే రాసేస్తుంది. కంపెనీ సొంత క్లయింట్‌కి ఆ విద్య నేర్పడం బిందు వంతు, సర్వర్ వైపు వేణుగోపాల్ వంతు.

వేసవి చివర్లో వేణుగోపాల్ వాళ్ళు సంబంధం కదిపారు. మోసుకొచ్చింది నూలు ఏజెంటు బాపయ్య. మంగళగిరికీ చీరాలకీ మధ్య నూలూ ఆయనే, పెళ్ళి కబుర్లూ ఆయనే. తండ్రి లేని పిల్ల కదా, బాబాయి గురవయ్య పిలిచి, "ఏమ్మా, నీకిష్టమేనా?" అని అడిగాడు.

"ఇష్టమే బాబాయ్," అంది తల వంచుకుని.

ఆ మాట గురవయ్య అదే రోజు బాపయ్య చెవిన వేశాడు. అంతే, అది అక్కడే ఆగిపోయింది. మర్నాడే ఆషాఢం మరి! ఆషాఢంలో శుభవార్త మోసే మనిషి కాదు బాపయ్య. "శ్రావణం రానీవయ్యా, దర్జాగా వెళ్ళి చెబుతా," అన్నాడు. పెద్దవాళ్ళు తేల్చేదాకా పిల్లలు ఆ ఊసెత్తకూడదన్నది ఆ ఇళ్ళల్లో పద్ధతి. బిందు నోరు కట్టేసుకుంది.

రోజూ కాల్, రోజూ అతని గొంతు. "మావాళ్ళు ఒప్పుకున్నారు, తెలుసా?" అన్నది నాలుక చివరిదాకా వచ్చేది. తీరా నోరు తెరిస్తే, "బఫర్ సైజు ఎంత పెడదామండీ?" అని అడిగేది. మగ్గం గురించీ, వాళ్ళమ్మ గోంగూర గురించీ అడక్కపోయినా చెప్పే మనిషి, రానురానూ పొడిపొడిగా తయారయ్యాడు. ఒక్కసారి మునుపటిలా నవ్వితే చాలునని ఆమె ప్రాణం కొట్టుకుపోయేది. కాల్ అయిపోయాక కూడా హెడ్‌ఫోన్ తీసేది కాదు.

ఈ లోపు టెస్టు ఒకటి చావగొట్టింది. ఫైలు సగం వచ్చి కనెక్షన్ తెగిపోతోంది. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, సర్వర్ కాస్త ఆలస్యం చేస్తే చాలు, క్లయింట్ ఓపిక పట్టకుండా ఆ చోటు మూసేస్తోంది.

"నేనింకా రాస్తూనే ఉన్నానండీ, మీరప్పుడే తలుపేసుకున్నారు," అన్నాడు వేణుగోపాల్. ఆటపట్టిస్తున్నాడేమోనని ఆశగా చెవొగ్గింది. ఆటేమీ లేదు ఆ గొంతులో.

శ్రావణం వచ్చింది. మంచి తిథి విదియ గురువారం పడింది. శుక్రవారమైతే లక్ష్మీప్రదమని బాపయ్య ఇంకో రోజు ఆగాడు. ఆయన దుంపతెగ, ఆ ఒక్క రోజు ఆగకపోతే ఏం మునిగిపోయిందంట!

శుక్రవారం పొద్దున్నే ఆయన బస్సెక్కాడని తెలిసి బిందు తలంటుకుంది, మంచి చీర కట్టుకుంది. కెమెరా పెట్టని కాల్‌కి చీరెందుకని వాళ్ళమ్మ నవ్వింది. సరిచేసిన క్లయింట్‌తో టెస్టు మొదలుపెట్టారు. ఫైలు మొత్తం తిన్నగా వచ్చి మెమరీలో కూర్చుంది. ఆ ఉత్సాహంలో ఇక ఉండబట్టలేక, "వేణుగారూ, బాపయ్యగారు వచ్చారా?" అని అడిగేసింది.



"వచ్చారండీ. బయట నాన్నతో మాట్లాడుతున్నారు. ఎందుకొచ్చారో తెలీదు," అన్నాడు. "నిన్న మావాళ్ళు తాంబూలాలు పుచ్చుకున్నారు. తెనాలి సంబంధం. నెల్లాళ్ళయినా మీ కబురు రాకపోయేసరికి, మీరు వద్దన్నారనుకున్నాం."

 బిందు హెడ్‌ఫోన్ మైకు నోటి దగ్గరికి లాక్కుంది.

"ఆయనొచ్చింది నాకిష్టమని చెప్పడానికి," అంది.

"ఇప్పుడా చెప్పడం, బిందూ?" గారు లేకుండా అతను పిలవడం అదే మొదలు. "రోజూ మాట్లాడుకున్నాం కదా!"

"నువ్వు మాత్రం అడిగావా?"

ఏడుపు వినపడకూడదని గబుక్కున మైకు ఆపేసుకుంది. తెర మీద అతని పేరు పక్కనున్న మైకు కూడా ఆగిపోయింది. కాల్ మాత్రం ఇద్దరిలో ఎవరూ కట్ చెయ్యలేదు.