జాన్ సుమో

మా ఆయన సుమో కొన్న రోజు నేను పొయ్యి వెలిగించలేదు. కోపం వస్తే నేను చేసే పని అదే. మస్కట్‌లో సంపాదించిందంతా కోరుట్ల బ్రోకరు రాజం చేతిలో పోసి జాన్ తెచ్చిన ఆ బండిని చూస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. అంతకుముందు సిరిసిల్లలో ఏళ్ల తరబడి బట్టల బేళ్లు మోసిందట. ఎడమ పక్క తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. రంగు కింద లప్పం, లప్పం కింద తుప్పు. మీటరు రెండు లక్షలు దాటి ఎక్కడో ఆగిపోయి ఉంది.

"గీ మీటరు తిరుగుతలేదేంది?" అని అడిగాను.

"తిరగకుంటెనే మంచిదన్నడు రాజమన్న. బండికి వయసు పెరగదట," అని నవ్వాడు జాన్.

నాకు నవ్వు రాలేదు. అత్త భూమవ్వ మాత్రం టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, "రేపు కొండగట్టు తీస్కపో కొడుకా. అంజన్న కాడ పూజ గాకుంటె ఊరోళ్లు ఎక్కరు" అంది. మేం చర్చికి పోయేవాళ్లమని, పాస్టరు అడిగితే ఏం చెప్పాలని ఆమె ఆలోచించలేదు. జాన్ కూడా ఆలోచించలేదు. జనం ఎక్కితే చాలు, ఏ దేవుడైనా మనోడే అన్నాడు.

ఆయనకున్న పట్టుదల ఒక్కటే, మళ్లీ గల్ఫుకు పోకూడదు. మస్కట్‌లో ఎవరి కారో తుడిచి, ఎవరి పిల్లల్నో బడికి దింపి వచ్చిన మనిషి. మా బిడ్డ పుట్టినప్పుడు దగ్గర లేడు, నడిచినప్పుడు లేడు. తిరిగి వచ్చిన రోజు అది తండ్రిని చూసి జడుసుకుని అత్త కొంగులో దూరింది. "ఇగ సొంత బండి, సొంత ఊరు. ఎవ్వని కింద చెయ్య మంజులా" అన్నాడు నాతో. ఆ మాట మీదనే మర్నాడు పొయ్యి వెలిగించాను.

మాది పెగడపల్లి దగ్గర పల్లె. మా వాడ ఊరి చివర ఉంటుంది. మా వాళ్లకు ఎన్నడూ గుంటెడు భూమి లేదు, పటేళ్ల పొలాల్లో కూలి చేసి బతికినవాళ్లం. వాళ్ల ఇళ్లకు పోతే ఇప్పటికీ మేం అరుగు దగ్గరే ఆగాలి. అలాంటి వాడ నుంచి ఒకడు బండి కొనడం ఊళ్లో చాలామందికి మింగుడు పడలేదని నాకు తెలుసు. నోరు తెరిచి ఎవరూ ఏమీ అనలేదు. బస్సు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డారు, అంతే. జాన్ జగిత్యాల దాకా సగం ఖాళీ బండితోనే తిరిగాడు. సెల్ఫు పనిచేయదు కాబట్టి ఎక్కడ ఆపినా వాలు చూసి ఆపేవాడు. ఇంజన్ బోరుకొచ్చింది, విప్పి బాగు చేయాలని మెకానిక్ చెప్తే, ఆ పని చేయించే స్తోమత లేక ఆయిలు పోసుకుంటూ నడిపాడు.

ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపో దాటలేదు. జగిత్యాల పోవాలంటే ఊరికి జాన్ సుమో ఒక్కటే దిక్కయింది. నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాయించాడు, పైన జెండా కట్టాడు. అరుగు దాటి మమ్మల్ని రానివ్వనివాళ్లు మా వాడవాళ్ల ఒళ్లో కూర్చుని ప్రయాణం చేశారు. బండి మొరాయిస్తే అందరూ దిగి, జై తెలంగాణ అని అరుస్తూ తోశారు. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజున బియ్యం, గిన్నెలు, కట్టెలు అన్నీ జాన్ ఉత్త పుణ్యానికే మోశాడు. సమ్మె శిబిరంలో జలపతి పటేలు మైకు పట్టుకుని, "జాన్ మనోడు. మన తెలంగాణల పెద్దోడు లేడు, చిన్నోడు లేడు. అందరం ఒక్కటే" అన్నాడు. నేను కూడా చప్పట్లు కొట్టాను. నిజమే అనుకున్నాను మరి.

ఆ సమ్మె రోజుల్లోనే, గల్ఫులో పనిచేసే జలపతి తమ్ముడు రమేశ్ దమ్మామ్‌లో గుండె ఆగి చనిపోయాడు. శవం ఉన్న డబ్బా శంషాబాదుకు చేరిందని ఫోను వచ్చింది. ఆ రోజు బందు. ఎవరిని అడిగినా బండి తియ్యలేం అన్నారు. జలపతి మా ఇంటికి వచ్చాడు. మా వాడలోకి ఓట్లప్పుడు తప్ప అడుగు పెట్టని మనిషి, జాన్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"జానూ, నా తమ్ముడు గాడ డబ్బల పడి ఉన్నడురా. మా అవ్వ ఏడ్సి ఏడ్సి సచ్చేటట్టున్నది. నువ్వే తేవాలె."

నేను జాన్‌ను లోపలికి పిలిచి, "వద్దయ్యా. పీనుగను మోసినంక మల్ల మన బండి ఎవలెక్కుతరు?" అన్నాను.

"నేను మస్కట్ల సచ్చిపోతె నన్నెవలన్న తేవాలె గదనే," అన్నాడు.

 వెనక సీట్లు విప్పి ఇంట్లో పెట్టి బయలుదేరాడు. జలపతి అన్నం నీళ్లు లేక నీరసించి ఉన్నాడని తోడు కూడా తీసుకుపోలేదు. కాయితాల కోసం అక్కడే హైదరాబాదులో ఉన్న వాళ్ల చుట్టం ఒకతను వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు సిద్దిపేట దగ్గర డబ్బాను చూసి, రోడ్డుకు అడ్డంగా పెట్టిన బండరాళ్లను జనమే పక్కకు లాగారట. సిరిసిల్ల దగ్గర ఇంజన్ వేడెక్కి ఆగిపోతే, మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి పోశారట. తెల్లవారేసరికి బండి ఊళ్లోకి వచ్చింది. రమేశ్ తల్లి మొగిలవ్వ ఆ డబ్బా మీద పడి ఏడ్చింది. తర్వాత జాన్ గదువ పట్టుకుని, "నా కొడుకును నాకు తెచ్చిచ్చినవు. నీ కడుపు సల్లగుండ బిడ్డా" అంది. ఆమె నటించలేదు. ఆ ఏడుపు నిజం, ఆ మాటా నిజమే. నన్ను ఇప్పటికీ కాల్చేది అదే.

సమ్మె ఆగింది, బస్సులు తిరిగాయి. మర్నాటి నుంచి మా బండికి కొత్త పేరు వచ్చింది. పీనుగ బండి.

పెండ్లి బట్టలకు పోయేవాళ్లు ఎక్కలేదు. పురిటికి పోయేవాళ్లు ఎక్కలేదు. సంతకు పోయేవాళ్లు కూడా బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడ్డారు. అత్త పసుపు నీళ్లతో బండిని లోపలా బయటా కడిగింది. జాన్ మళ్లీ కొండగట్టు పోయి పూజ చేయించాడు. నేను పోరితే పాస్టరు కూడా వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అంజన్నా అయ్యాడు, యేసయ్యా అయ్యాడు, ఒక్క మనిషి ఎక్కలేదు. చివరికి జాన్ జలపతి దగ్గరికే పోయి అరుగు కింద నిలబడ్డాడు.

"పటేలా, నువ్వొక్క మాట చెప్తె జనం ఇంటరు. మీ రమేశన్నను తెచ్చినందుకే గిట్లయింది."

"జనం మనసులకు నేనేం జేస్తరా? మా ఇంట్లోళ్లే గా బండిని సూస్తె తమ్ముడు యాదికస్తున్నడని ఏడుస్తున్నరు," అన్నాడు జలపతి.

 బండి మా గోడ పక్కన నిలబడిపోయింది. కొన్నాళ్లకు బ్యాటరీ కూడా పోయింది. ఎక్కడికీ పోని ఆ బండిని జాన్ పొద్దున లేవగానే తుడిచేవాడు.  ఒకరోజు పెట్టె అడుగు నుంచి పాస్‌పోర్టు బయటికి తీసి, ఏజెంటుకు ఫోను చేశాడు. మా బిడ్డ పక్కనే కూర్చుని అందులోని ఫొటో ఎవరిదని అడిగింది.

ఆ సంగతి ఎలా తెలిసిందో జలపతి మళ్లీ వచ్చాడు. ఈసారి చేతులు పట్టుకోలేదు.

"గల్ఫుకెందుకు పోతవురా, మా తమ్ముని గతి సూసినవు గద. బండి నాకియ్యి. డ్రైవరుగ నువ్వే ఉండు. నెల నెలా జీతమిస్త. నీ పెండ్లాం పిల్ల కండ్ల ముందట ఉంటరు."

ఇనుప సామాను కొనేవాడు చెప్పే ధర చెప్పాడు. ఇవ్వొద్దని నేను పోట్లాడాను. తుప్పు పట్టి మట్టిలో కలిసినా సరే, ఇవ్వొద్దన్నాను. జాన్ నా మీద కోపం చేయలేదు. "బండిని ఉంచుకుంటె నేను పోవాలె. బండిని ఇస్తె నేను ఉంట. నీకేది గావాలె చెప్పు," అన్నాడు. మర్నాడు బండి కాయితాలు జలపతికి ఇచ్చి వచ్చాడు.

జలపతి ఇంజన్ బోరు చేయించి, కొత్త బ్యాటరీ వేయించాడు. ముందు అద్దం మీద ఎర్రటి అక్షరాలతో రమేశ్ అని రాయించాడు. కొండగట్టు తీసుకుపోలేదు. ఒక నిమ్మకాయ కూడా తొక్కించలేదు.

ఆ వారంలోనే మా బిడ్డకు జ్వరం వస్తే జగిత్యాల దవాఖానకని ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చాను. సుమో వచ్చి ఆగింది. కిటకిటలాడుతోంది. బస్సు కోసం ఎండలో నిలబడినవాళ్లందరూ అందులో ఉన్నారు. పెండ్లి సామాను మూట ఒకటి పైన కట్టి ఉంది. స్టీరింగు ముందు జాన్. పక్క సీట్లో మొగిలవ్వ, ఒళ్లో పూల సంచితో.

నాకు ఒళ్లు తెలియలేదు. "అవ్వా, గిది పీనుగ బండి అన్నరు గద. గిప్పుడెట్ల ఎక్కినవు?" అని అడిగేశాను.

 మొగిలవ్వకు కోపం రాలేదు. తెలియని పిల్లకు చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"గిది మా బండి గదనే మంజులా. నా కొడుకు మా బండ్లనే ఇంటికచ్చిండు. సొంత బండికి మైలేందే?"

"జలపతే గద పొయ్యి తమ్ముణ్ణి తెచ్చుకున్నడు," అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు. అవును అవునన్నారు మిగతావాళ్లు.

నేను జాన్ వైపు చూశాను. ఒక్క మాట అంటాడని చూశాను. నేను కదా తెచ్చింది అని అంటే చాలు. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. మొగిలవ్వ కూడా ఆయన ముఖంలోకి చూసింది, ఏ అనుమానమూ లేకుండా.

"ఎక్కుతె ఎక్కు. టైమైతంది," అన్నాడు జాన్. నాతోనే అన్నాడు.

బిడ్డ ఒళ్లు కాలిపోతోంది. ముందు సీటు, నడిమి సీటు నిండి ఉన్నాయి. నేను వెనకకు పోయి, ఆనాడు డబ్బా పెట్టిన చోట బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చున్నాను. జగిత్యాలలో దిగినప్పుడు, మొగిలవ్వ చూస్తుండగా, అందరి దగ్గరా తీసుకున్నట్టే జాన్ నా దగ్గర కూడా కిరాయి తీసుకున్నాడు.