వైదేహమ్మ గారి తోడు డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. మూత బిగిస్తే చుక్క కారదు. ఆ గొప్పే నా కొంప ముంచింది.

రాజమండ్రిలో వైదేహమ్మ గృహప్రవేశానికి ఆమె తమ్ముడు కోదండం నన్ను కొని, నా నడుం మీద ‘అక్కకు, కోదండం’ అని పేరు కొట్టించి ఇచ్చాడు. ఇంట్లో పెరుగు తోడుకోని రోజున పక్కింటికెళ్ళి కాస్త తోడు పట్టుకురావడమే నా ఉద్యోగం. వైదేహమ్మకు చాదస్తం జాస్తి. ఎంగిలి చెయ్యి తగిలిందని అనుమానం వస్తే చాలు, చింతపండు పెట్టి నా తోలు ఊడేలా తోమేది. ఆ మడి నాకూ అంటుకుంది.

ఏదో జ్వరానికి వాడిన ఘాటు మందులు ఆమె పేగుల్లో ఉండాల్సిన మంచి క్రిముల్ని కూడా ఊడ్చేశాయి. ఇక విరేచనాలే విరేచనాలు. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టేవి. మనిషి మంచానికి అతుక్కుపోయింది.

ఆసుపత్రిలో డాక్టరు ఆమె కూతురు ప్రసూనను కూర్చోబెట్టి చెప్పాడు. “తోడు లేనిదే పాలు పెరుగవ్వవు కదమ్మా. మీ అమ్మగారి పేగులో ఆ తోడే చచ్చిపోయింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలం తెచ్చి, కలిపి, వడకట్టి, గొట్టంతో లోపలికి పంపుతాం. ఇంతకుమించి దారి లేదు.”

విన్నారా? తోడట. నా పవిత్రమైన వృత్తిని ఎక్కడికి దింపాడో చూడండి.

అది ఇవ్వడానికి పెట్టిన పరీక్షలన్నీ నెగ్గినవాడు కోదండం ఒక్కడే. ఆసుపత్రివాళ్ళిచ్చిన ప్లాస్టిక్ డబ్బాను ఆ మహానుభావుడు కంగారులో తొక్కి విరగ్గొట్టాడు. ప్రసూన ఫోన్ చేస్తే, గట్టి మూత ఉన్నదేదైనా మరిగించి తెమ్మంది నర్సు. నన్ను మరిగించారు.

తీరా చూస్తే కోదండానికి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పొద్దూ తప్పనివాడు, ఆ రోజు బిగుసుకుపోయాడు.

“మావయ్యా, అయిందా? అమ్మ బీపీ పడిపోతోందట.”

“నువ్వలా తలుపు దగ్గర కాపలా ఉంటే ఎలా అవుతుందే?”

రాకూడదని నేను కనపడని దేవుళ్ళందరికీ మొక్కాను. కాసేపటికి అతను మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. “అక్కా, నీకు ఈపాటిది కూడా ఇవ్వలేకపోతున్నానే.” అప్పుడు నేను మొక్కులు మానేశాను.

వచ్చింది. ఛీ, ఆ వెచ్చదనం, ఆ వాసన... మూత పెట్టాక బయటికి పోయే దారి దానికీ లేదు, నాకూ లేదు. ఆటో గతుకుల్లో ఎగిరినప్పుడల్లా అది నా గోడలకు కొట్టుకునేది. స్టీలుకు వాంతి రాదన్నవాడెవడో నాకు చూపించండి.

వైదేహమ్మ బతికింది. ఆసుపత్రివాళ్ళు పేరుందని నన్ను కడిగి తిరిగిచ్చారు. ప్రసూన నన్ను పాత సామాన్లలో పడేస్తుంటే వైదేహమ్మ చూసింది.

“తమ్ముడిచ్చిన డబ్బా, పారేస్తావేంటే?”

“అమ్మా, ఆ రోజు... అందులోనే తెచ్చాం.”

వైదేహమ్మ ముఖం వికారంగా పెట్టింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తర్వాత వెళ్ళి చింతపండు తెచ్చుకుంది.

ఇప్పుడు నేను స్నానాలగది కిటికీలో సున్నిపిండి నింపుకుని కూర్చున్నాను. వంటింటికి మళ్ళీ పిలుపు రాలేదు, రాదు కూడా. ఆ పొద్దు తలచుకుంటే నాకింకా డోకొస్తుంది. వైదేహమ్మకూ వస్తుందట. అయినా రోజూ ముఖం కడుక్కుని, ఆ తడిచేత్తోనే నా నడుం మీది పేరును తుడిచి వెళ్తుంది.