తీగలు సర్దుకునేదాకా

పోస్టాయన సైకిలు ముందు చక్రాన్ని స్టాండుకు బిగించి, తమ్ముడు ఒక్కో స్పోకునూ వేలితో మీటుతూ వస్తున్నాడు. టింగ్, టింగ్, టింగ్, టంగ్.

“అది వదులు,” అంది లోపలి గదిలోంచి అక్క. గొంతు నిన్నటికంటే సన్నగా ఉంది. మాటలో మాత్రం తేడా లేదు.

అతను స్పోకు కీతో పావు చుట్టు తిప్పి మళ్లీ మీటాడు.

“చాలు. పక్కదానికి పో.”

యాభై ఏళ్లుగా ఆ దుకాణంలో పని ఇలాగే సాగుతోంది. చేతులు అతనివి, చెవులు ఆవిడవి. వంకరపోయిన చక్రానికి బెండు తీయాలంటే స్పోకులన్నీ ఒకే బిగువులో ఉండాలి. ఆ బిగువు కంటికి కనిపించదు, చెవికి వినిపించాల్సిందే. వాళ్ల నాన్న ఇద్దరికీ ఈ విద్య నేర్పబోయాడు. ఎంత మొత్తుకున్నా కొడుక్కి ముప్పైరెండు స్పోకులూ ఒకేలా మోగేవి. కూతురు మాత్రం వంటగదిలో గిన్నెలు తోముకుంటూనే, “నాన్నా, అయిదోది ఏడుస్తోంది” అనేది. నాన్న పోయేనాటికి అక్కకు ఇరవై రెండు, తమ్ముడికి పదకొండు. తర్వాత రెండు మూడు సంబంధాలు వచ్చాయి. “నేను వెళ్లిపోతే వీడికి చెవులెవరు?” అని ఆవిడ నవ్వుతూనే తిప్పి పంపింది. కొన్నాళ్లకు అడిగేవాళ్లే లేకుండా పోయారు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా అతనికి ఇప్పటికీ ముద్ద దిగదు.

అరవై దాటినా వీధి వీధంతా అతన్ని తమ్ముడనే పిలుస్తుంది. అక్క రోజుకు వందసార్లు అలా కేకేయగా వినీ వినీ అందరికీ అదే పేరైపోయింది. పోస్టాయనకు నిండా ముప్పై ఏళ్లు లేవు. ఆయనకూ ఇతను తమ్ముడే.

చిన్నప్పుడు స్పోకులు కొనడానికి బజారుకు వెళ్లినప్పుడల్లా అక్క వాయిద్యాల దుకాణం అద్దం ముందు ఆగిపోయేది. అతను చెయ్యి పట్టుకుని లాగితే గానీ కదిలేది కాదు. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఫలానాది కావాలని నోరు తెరిచి అడగలేదు. పోయిన వారం ఆస్పత్రిలో డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచి, ఇక ఇంటికి తీసుకెళ్లమని, వారం, మహా అయితే పది రోజులని గొంతు తగ్గించి చెప్పాడు. నిన్న అతను మధ్యాహ్నమే దుకాణం మూసి బజారుకు వెళ్లాడు. పడుకున్న మనిషి పొట్ట మీద పెట్టుకోగలిగిన వాయిద్యం ఏదైనా ఉందా అని అడిగితే, దుకాణంలో ఆవిడ చిన్న గిటారులాంటి యుకలేలే తీసిచ్చింది.

ఆ పేరు పలకడానికి అక్కకు నోరు తిరగలేదు. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, “దీనికంటే నీ గాలి పంపు బరువు” అంది. వార్నిషు వాసన చూసింది. గుండ్రటి రంధ్రంలోకి ఒక కన్నుతో తొంగి చూసింది. తీగలు ఇనుపవి కావు, గాలం దారంలా నున్నగా ఉన్నాయి. వాటిని నిమిరి, నాలుగే కదా అని తనలో తాను నవ్వుకుంది. తమ్ముడికి మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. అన్నిటికంటే పైనున్న తీగ దాని కిందిదానికంటే సన్నగా ఉంది. లావు తీగ పైన ఉండాలి గదా, తొందరలో తారుమారు చేసి ఇచ్చినట్టున్నారు, విప్పి మారుస్తానన్నాడు. అక్క నాలుగూ ఒకసారి మీటింది. అది అలా ఉండాల్సిందే, చెయ్యి పెట్టావంటే ఊరుకోనంది.

చిక్కల్లా ఒక్కటే. బిగించిన తీగ గంట తిరక్కుండా శ్రుతి దిగిపోతోంది. ఉదయం నుంచి అది మూడోసారి. కొత్త తీగలు సాగుతాయి, రోజూ బిగిస్తూ ఉండాలి, పది రోజులకు సర్దుకుంటాయని దుకాణంలో ఆవిడ చెప్పిందని అతను చెప్పాడు. కొత్త స్పోకులు మాత్రం మొదటి వారం వదులుకావూ?

“పది రోజులటా?” అంది అక్క. “అయితే దీనికీ నాకూ పందెం.”

ఏం మాటలక్కా అవి, అని గొణిగాడు.

“ఆ డాక్టరు గుసగుసలాడాననుకున్నాడు. నాకు వినపడకుండా ఉంటుందిట్రా?”

అతను కీ పట్టుకునే గడప దాటి లోపలికి వచ్చాడు. ఆవిడ వేలు పై తీగ మీదే ఉంది.

“నాకోసం తెచ్చావు, సంతోషం. కానీ ఇది నేను వాయించడానికి కాదు, నువ్వు వినడానికి. రేపు ఏ స్పోకు వదులో నీకెవరు చెప్తారు? ముప్పైరెండు పట్టని చెవికి నాలుగు పట్టవా? ఇలా కూర్చో.”

ఆ రోజంతా అదే పాఠం. పంక్చరు వేయడం, గ్రీజు చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లడం. ఆవిడ మీటుతుంది. దిగిందో లేదో అతను చెప్పాలి. దిగిందంటే దిగి ఉండదు, లేదంటే ఉంటుంది. ఇంత వయసొచ్చి బడిపిల్లాడిలా చీవాట్లు తిన్నాడు. మధ్యాహ్నం రెండు చెంచాల పాలు పట్టాడు, మూడోది ఆవిడ వద్దంది. ఆ తర్వాత ఒక్కసారి అతని జవాబు సరిపోయింది.

“విన్నావా, ఊహించావా?”

అక్క దగ్గర అబద్ధం చెప్పడం అతనికి ఏనాడూ చేతకాలేదు. ఊహించానన్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది, ఆ నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

“వెళ్లు, పోస్టాయన చక్రం సంగతి చూడు. తలుపు తీసే ఉంచు, నేను వింటుంటాను.”

పొద్దున సగంలో ఆపిన చక్రం అది, నాలుగింటికిస్తానన్నాడు. స్టాండు ముందు కూర్చుని మొదటినుంచి మీటుతూ వచ్చాడు. పదకొండోది దాటాక అక్క మళ్లీ వదులని చెప్పింది. బిగించాడు. ఇరవయ్యోది మీటి, చాలనే మాట కోసం ఆగాడు. మాట రాలేదు. కాస్త గట్టిగా మీటాడు. నిద్రపట్టిందేమో, పాపం అలిసిపోయింది అనుకున్నాడు. అలా అనుకుంటూనే కీ కింద పెట్టి లేచాడు.

ఆవిడ కళ్లు సగం మూసి ఉన్నాయి. మొహం తలుపు వైపు తిరిగి ఉంది. ఒక చెయ్యి ఇంకా తీగల మీదే ఉంది. అతను మంచం పక్కన నేల మీద కూలబడి, ఆ చేతిని పట్టుకుని, చల్లబడేదాకా వదల్లేదు.

బయట నిలిపిన సైకిలు గంట ఎవరో మోగించారు. “తమ్ముడూ, అయిందా?” అని పోస్టాయన కేకేశాడు. ఆ పిలుపు చెవిన పడ్డాక గానీ అతనికి ఏడుపు రాలేదు.

రెండు వారాలు దుకాణం తెరవలేదు. పొద్దున్నే లేచి యుకలేలే తీగలు బిగించడం మాత్రం మానలేదు. సరిగ్గా బిగిస్తున్నాడో లేదో చెప్పేవాళ్లు లేరు. తలుపులు తీసిన రోజునే పోస్టాయన చక్రం ఊగుతోందంటూ తెచ్చి దించాడు. అక్కను గురించి రెండు మాటలు మాట్లాడి, సాయంత్రం వస్తానని వెళ్లాడు.

అతను చక్రాన్ని స్టాండుకు బిగించి మీటడం మొదలుపెట్టాడు. టింగ్, టింగ్. అలవాటు కొద్దీ ఒక్కోదాని దగ్గరా ఆగుతున్నాడు. ఏడోది మీటాక వేలు దానంతటదే నిలిచిపోయింది. మళ్లీ మీటాడు. దాని పక్కది మీటి, తిరిగి దాన్నే మీటాడు. ఏడుస్తోంది. నిజంగానే ఏడుస్తోంది.

కీ చేతిలోనే ఉంది. లేచి లోపలికి వెళ్లాడు. ఆ పొద్దుట దుకాణం తెరిచే కంగారులో యుకలేలే తీగలు బిగించడం మరిచాడు. పైనుంచి కిందికి నాలుగు తీగలూ మెల్లగా మీటాడు. ఇంకోసారి మీటి, అవి ఆగిపోయేదాకా కదలకుండా నిలబడ్డాడు.

“ఊహించలేదక్కా,” అన్నాడు. “విన్నాను.”

మడతపెట్టిన దుప్పటి మీద యుకలేలే నిన్న పెట్టినట్టే ఉంది, ఒక్క తీగా దిగలేదు.