వీరమణి చుట్టిన మోటారు

ఆషాఢంలోనే గోదావరి లంకలెక్కిన ఏడు అది. నేను ఒక ఐదు హెచ్‌పీ నీటి మోటారుని. కోయంబత్తూరులో పుట్టాను. మొదట రొయ్యల చెరువుకు, తర్వాత కొబ్బరితోటకు, చివరికి కొండలరావు అరటితోటకు నీళ్లు తోడాను. పనిచేసినన్నాళ్లు ఆ ముగ్గురు యజమానులూ నా వైపు చూడలేదు. ఆగిన రోజున మాత్రం చుట్టూ చేరి తిట్టారు. మనుషులంతే.

వరదలో మూడు రోజులు మునిగాను. నీరు తీయగానే కొండలరావు తొందరపడి స్విచ్చి వేశాడు. లోపలి రాగితీగ మొత్తం కాలిపోయింది.

నన్ను బుల్లెబ్బాయి కొట్టుకు తెచ్చారు. నలభై ఏళ్లుగా కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టిన చెయ్యి ఆయనది. ఇప్పుడది వణుకుతోంది. కొట్టు మూసేద్దామనుకుంటుంటే కోడలు వీరమణి అడ్డుపడింది.

"నేను చుడతానండి మావయ్యగారూ. ఫోన్లో పాఠాలున్నాయి. డబ్బులక్కర్లేదు, ఊరికే చెప్తారు."

"ఊరికే వచ్చింది ఊరికే పోద్ది."

"ఈ ఒక్కటీ ఇచ్చి చూడండి."

ఆయన నా వైపు వేలు చూపించాడు. "తిరిగితే కొట్టు నీది. కాలితే తాళం."

ఆ పాఠాలు హిందీలో ఉన్నాయి. ఆమెకు హిందీ రాదు. ఇంటి దగ్గర సిగ్నలూ రాదు. ఏటిగట్టు మీదికెళ్లి పాఠం దింపుకొచ్చేది. మాట వినబడకుండా చేసి, పాఠం చెప్పే మాస్టారి చేతులే చూసేది. తప్పు చేస్తే ఆ మాస్టారు అరవడు, సందేహమొస్తే బదులివ్వడు. పదిసార్లు వెనక్కి తిప్పినా విసుక్కోడు, అదొక్కటి మేలు. నాలుగు రోజులు కూర్చుని నా గాడుల్లో కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి, ఎండబెట్టింది. నన్ను పుట్టించినవాళ్లు కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

ఐదో రోజు సగం ఊరు కొట్టు ముందే ఉంది. తొట్టి నీళ్లలో పైపు పెట్టి స్విచ్చి వేశారు. తిరిగాను! గిర్రున తిరిగాను. కాకపోతే నా ఒంటి మీది బాణం గుర్తు ఒకవైపుంటే, నేను రెండోవైపు. చుక్క నీరు రాలేదు.

"ఇదేంటండోయ్! నీళ్లు తోడమంటే గోదారికి తిరిగిచ్చేత్తానంటుంది!" అన్నాడు కొండలరావు.

అందరూ నవ్వారు. వీరమణి మొహం వాడిపోయింది. ఫోను తీసి పాఠం మళ్లీ చూసింది.

"మావయ్యగారూ, ఈ మాస్టారి ఎనకాల కేలండర్లో అంకెలు తిరగబడున్నాయండి! అద్దంలో బొమ్మలా తీశారు. ఆయన కుడిచెయ్యి నాకు ఎడంచెయ్యిలా కనబడింది, నేనూ తీగ తిరగేసి చుట్టేశాను."

బుల్లెబ్బాయి కరెంటు తీసి, నా తీగల పెట్టె మూత విప్పాడు. రెండు తీగలు అటుదిటు, ఇటుదటు మార్చమని వేలితో చూపించాడు. ఆమె మార్చింది. ఈసారి బాణం ఎటో నేనూ అటే. పైపులోంచి నీళ్లు ఎగజిమ్మి కొండలరావు చొక్కా తడిపేశాయి.

"చుట్టడంలో తప్పులేదమ్మాయ్. చూపించినోడిది తప్పు," అన్నాడు బుల్లెబ్బాయి. అంత పొడుగు మాట ఆయన నోట ఊరెప్పుడూ వినలేదు. తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే, కొండలరావు నా కోసం వచ్చేలోపే, బుల్లెబ్బాయి ఇంకో మునిగిన మోటారు ముందేసుకుని కూర్చున్నాడు.

"ఆ మాస్టారిని తీసినట్టు నన్నూ ఫోన్లో తియ్యి. తెలుగులో ఒక పాఠముండాలి."

వీరమణి ఆనందంగా ఎదురుగా నిలబడి ఫోనెత్తింది.

"ఎదర కాదు. ఎనక్కి రా. నా భుజం మీంచి తియ్యి."

గొంతు సవరించుకుని, ఎవరో కళ్లముందు కూర్చున్నట్టే, "ముందు కరెంటు తియ్యండి," అన్నాడు.