గ్రానైట్ మీద తప్పెటగుళ్ళు

మేడంకి సన్మానం అనగానే నాకు డౌటొచ్చింది. మా అనకాపల్లిలో ఎవరి నోరైనా మూయించాలంటే ముందు శాలువా కప్పుతారు.

మేడం అంటే శ్యామలాదేవి గారు. టీచరుద్యోగం వదిలేసి, సొసైటీ ఒకటి పెట్టి, బెల్లం లారీలవాళ్ళు చెత్త పారబోసే స్థలాన్ని పార్కు చేసేరు. మధ్యలో ఎర్రమట్టి బరి. ఆదివారం సాయంత్రం అందులో తప్పెటగుళ్ళు. ఛాతీకి రేకు గుల్లలు, కాళ్ళకి గజ్జెలు కట్టుకుని, వట్టికాళ్ళతో గుండ్రంగా తిరుగుతూ ఎగురుతారు. గొలుగొండ వైపు నుంచి బృందాల్ని బతిమాలి తెచ్చింది ఆవిడే. నేను బీటెక్ చదివి, వర్క్ ఫ్రమ్ హోమ్ పోగా మిగిలిన టైంలో సొసైటీ మైకులూ ఇన్‌స్టా చూస్తాను. జీతం అంటారా, టీయే.

మేడం హైదరాబాద్ వెళ్ళొచ్చేలోపు పార్కు కమిటీ కొత్త ఛైర్మన్ చంద్రమౌళి గారు ఆ బరి మీద నల్ల గ్రానైట్ పరిపించేసేరు. పైన బంగారు అక్షరాలు: 'శ్యామలాదేవి కళావేదిక'. ఓపెనింగ్ రోజే ఆవిడకి సన్మానం. పేరే పెట్టేసేక ఆవిడింకేం మాట్లాడతారు? ఆదివారాలు పోయినట్టే.

"పోట్లాడండి మేడం!"

"ఓపెనింగ్ కానీవే. నాలుగింటికి పెట్టమన్నాను," అని నవ్వేరు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

మే నెల ఎండ. కుర్చీల మీద షామియానా, రాయి మీద సూర్యుడు. ఛైర్మన్ గారి ఆర్డరని ఫోన్ స్టాండుకి పెట్టి లైవ్ ఆన్ చేసేను. దండ, శాలువా, జ్ఞాపిక అయ్యేక మేడంకి మైకిచ్చేరు. ఆవిడ థాంక్స్ చెప్పకుండా బృందం గురువు నానాజీని ఆడమన్నారు.

నానాజీ గజ్జెల కాలు రాయి మీద పెట్టి, చటుక్కున తీసేసేడు. "ఏటమ్మా ఇది, పెనంలాగున్నాది! అట్లు ఏసుకోవాలిగానీ ఆడ్డమేటి?"

జనం ఘొల్లుమన్నారు.

"పొద్దుపోతే చల్లబడుతుందిలే," అన్నారు ఛైర్మన్.

"అప్పుడు సెమటకి జారతాది బాబూ. ఎగిరి దిగేవోళ్ళం, నడుం ఇరిగిపోతాది."

"అయితే చెప్పులేసుకోండయ్యా!"

నవ్వులు ఆగిపోయేయి. గజ్జె కట్టినోణ్ణి చెప్పులేసుకోమన్నాడు! ముందు వరసలో కాసులమ్మ మామ్మ లేచింది. "నువ్వు గుళ్ళోకి ఏసుకెళ్తావేటి బాబూ?"

అప్పుడు పోయింది మేడం మొహం మీద నవ్వు.

"ఛైర్మన్ గారూ, బూట్లు విప్పి రండి. ఒక్క రౌండు మీరే తిరిగి చూపించండి."

"జోకులేంటి మేడం, లైవ్ నడుస్తోంది..."

"నా పేరు రాయించేరు కదా. నా వేదిక మీదకి నేనే పిలుస్తున్నాను. రండి!"

ఆయన కుర్చీలోంచి కదల్లేదు. మేడం శాలువా తీసి ఆయన ఒళ్ళో పడేసేరు. "యశస్వినీ, తోటమాలి గదిలో గునపం ఉంటుంది, పట్రా."

పరిగెత్తేను. నిన్నట్నించీ ఆవిణ్ణి మనసులో తిట్టుకున్నవన్నీ దారిలోనే పారేసేను.

మొదటి పోటు మేడందే, తన పేరు మీదే. 'శ్యామ' ఎగిరిపోయింది. తర్వాత గునపం నానాజీ అందుకున్నాడు. పలక లేచింది. కింద సిమెంటు. మట్టి ఇంకా కిందెక్కడో ఉంది.

"ఏయ్ పిల్లా, లైవ్ ఆపు!" ఛైర్మన్ అరుస్తున్నారు.

"ఆపుతున్నాను సార్," అని ఫోన్ ఇంకాస్త దగ్గరికి జరిపేను.